మూటలమామ బతుకుతెరువు

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఇండియన్ గ్రాసరీలో బియ్యం బ్యాగులు సర్దే పెద్దాయన ఒకప్పుడు టీవీలో పందికొక్కు అని ఎవరైనా చెప్పుంటే నేను నమ్మేదాన్ని కాదు. దేన్నయినా వెంటనే నమ్మే అలవాటు నాకు లేదు. డేటా సెంటర్‌లో ఉద్యోగం చేసేదాన్ని, అలారం మోగితే ముందు అలారాన్నే అనుమానిస్తాను. కానీ ఆ శనివారం నా చెవులతో నేనే విన్నాను.

నేనూ మా ఆయన ఫణీ బియ్యం కోసం వెళ్ళాం. సోనా మసూరి పెట్టే చోటు ఖాళీగా ఉంది. షాపు ఓనర్ జగన్మోహన్ గారు కౌంటర్ దగ్గర్నుంచే వెనక గదిలోకి కేకేశారు.

"రాఘవులు గారూ! రైస్ అయిపోయింది. రెండు బ్యాగ్స్ బయట పెట్టండి, మేడమ్ వెయిట్ చేస్తున్నారు!"

లోపల్నుంచి ఆయాసపడుతూ ఒక గొంతు వచ్చింది.

"ఉండండర్రా, వస్తున్నా! నాకున్నవి నాలుగే కాళ్ళు!"

ఫణి చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. దాన్ని తీసుకెళ్ళి పక్కన ఎవరిదో కార్ట్‌లో వేసేశాడు. చిన్నప్పుడు స్కూల్ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా టీవీ ముందు కూలబడి రోజూ విన్న గొంతు అది.

"మూటలమామ!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

తలుపు తోసుకుని ఒక పెద్దాయన బయటికి వచ్చారు. బట్టతల, నెరిసిన మీసం, నడుముకి వెడల్పాటి బెల్టు, భుజం మీద బియ్యం బ్యాగ్. మా మొహాలు చూసి బ్యాగ్ దించి, చేతులు దులుపుకుని, "మీరు ఆ బ్యాచా?" అన్నారు నవ్వుతూ.

తెలియనివాళ్ళకి చెప్పాలి. మా చిన్నప్పుడు ఒక పిల్లల ఛానెల్‌లో 'మంచుకొండ దాటే కుర్రాడు' అని జపాన్ బొమ్మల సీరియల్, యానిమే ఒకటి తెలుగులో వచ్చేది. రెన్ అనే కుర్రాడు తప్పిపోయిన అన్నని వెతుక్కుంటూ అడవులూ కొండలూ పట్టుకుని తిరుగుతుంటాడు. వాడి వెనకాల మూటలు మోసుకుంటూ ఒక జంతువు నడుస్తుంది. జపాన్‌లో దాన్ని ఏమంటారో గానీ, చూడ్డానికి కుక్కకీ ఎలుగుబంటికీ మధ్యరకంగా ఉండేది. మా ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం అది పందికొక్కేనని ఖాయం చేసేశారు. అదే మూటలమామ.

కథలో మామకి పనేమీ లేదు. కత్తియుద్ధాలు రెన్ చేస్తాడు, మంత్రాలు మంత్రగత్తె వేస్తుంది, మామ వెనకబడతాడు. వెనకబడుతూ గొణుగుతాడు. మోకాళ్ళ నొప్పులు, పొద్దున కాఫీ పడలేదన్న బాధ, ఏదో పెళ్ళిలో తోడల్లుడు తనని రెండో బంతికి కూర్చోబెట్టాడన్న కోపం. మాకు రెన్ అక్కర్లేదు. వాడి అన్న దొరికినా దొరక్కపోయినా మాకేం పట్టలేదు. మామ తోడల్లుడితో మళ్ళీ మాట్లాడాడా లేదా, అది కావాలి మాకు. మర్నాడు స్కూల్లో అదే చర్చ.

జపాన్ పందికొక్కుకి తోడల్లుడు ఎక్కణ్ణుంచి వచ్చాడు, బంతిభోజనం ఎక్కణ్ణుంచి వచ్చింది అని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. చిన్నప్పుడు సరే, పెద్దయి ఇంజనీర్లమయ్యాక కూడా రాలేదు. అసలు సంగతేమిటంటే ఆ గొణుగుడంతా రాఘవులు గారి సొంతం. ఆయన ఈ విషయం మాకు చాలాకాలం చెప్పలేదు. నాకిప్పుడు తెలుసు కాబట్టి మీకిక్కడే చెప్పేస్తున్నాను.

రాఘవులు గారిది తెనాలి. నాటకాల పిచ్చిలో చదువు మధ్యలో వదిలేసి మద్రాసు వెళ్ళి, డబ్బింగ్ సినిమాల్లో గుంపులో ఒక గొంతయ్యారు. "పట్టుకోండి వాణ్ణి" అని అరిచే ఊరిజనం, కోర్టులో జడ్జి సుత్తి కొట్టేముందు వినపడే గుసగుసలు, పెళ్ళిలో "అక్షింతలు, అక్షింతలు" అనే కేక, ఇవన్నీ ఆయనే. పేరు తెర మీద ఒక్కసారీ పడలేదు. తర్వాత హైదరాబాద్ మారారు. అక్కడ ఒకరోజు ఈ యానిమే చేతికొచ్చింది. స్క్రిప్టులో పందికొక్కుకి ఒక్క మాట కూడా లేదు, ఒట్టి ఆయాసమే. కానీ బొమ్మలో దాని నోరు కదులుతూనే ఉంది. నోరు కదిలి మాట వినపడకపోతే ఆడియో పోయిందనుకుని ఛానెల్‌వాళ్ళు టేపు వెనక్కి కొట్టేవాళ్ళట. డబ్బింగ్ ఇన్‌ఛార్జి కేశవరావు గారు గాజు అద్దం అవతల నుంచి, "ఏదో ఒకటి వేసెయ్యవయ్యా రాఘవులూ, లిప్ నిండాలి, నాకు టైం లేదు" అన్నారు.

ఆ పూట రాఘవులు గారికి మోకాలు నొప్పిగా ఉంది. అదే వేశారు. మర్నాడు నిజంగానే తోడల్లుడితో గొడవ జరిగింది. అదీ వేశారు. కేశవరావు గారు పడీపడీ నవ్వి ఉంచేశారు. జపాన్ భాష పక్కన పెట్టుకుని పోల్చి చూసేంత తీరిక ఎవరికీ లేదు. అలా ఒక మూగజీవానికి తెనాలి నోరు వచ్చింది.

ఆయన భార్య ఉమామహేశ్వరి గారికి అన్నయ్య ఎప్పుడో వేసిన గ్రీన్ కార్డ్ అప్లికేషన్, అందరూ మర్చిపోయాక అప్రూవ్ అయింది. యాభై దాటిన వయసులో ఇద్దరూ వర్జీనియా వచ్చిపడ్డారు. ఉమా ఆంటీకి డేకేర్‌లో వెంటనే పని దొరికింది. గొంతు తప్ప మరేదీ చేతకాని మనిషికి అమెరికాలో ఏం దొరుకుతుంది? బియ్యం బ్యాగులు దొరికాయి. "అక్కడా మూటలే, ఇక్కడా మూటలే అమ్మాయ్" అనేవారు. ఆ మాట ఏడుపు మొహంతో అన్నారనుకునేరు, వేరుశెనగలు నోట్లో వేసుకుంటూ అనేవారు.

ఆ శనివారం తర్వాత ఆయన బతుకు మలుపు తిరిగింది. ఫణి ఆయన చేత ఒక వాయిస్ మెసేజ్ చెప్పించి కాలేజీ గ్రూప్‌లో పడేశాడు. సాయంత్రానికి జెర్సీ సిటీ నుంచి, ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఫోన్లే ఫోన్లు. పెళ్ళాం పిల్లలున్న మొగాళ్ళు బర్త్‌డేకి మూటలమామ చేత డబ్బులిచ్చి మరీ తిట్టించుకోవాలని ఎగబడ్డారు. గృహప్రవేశం వీడియోకి ఒకడు గొంతు ఇమ్మన్నాడు. "ఇంత పెద్ద ఇల్లు కొన్నావు, ఈ మెట్లన్నీ ఎవడెక్కుతాడ్రా, నా మోకాళ్ళ సంగతి ఒక్కసారైనా అనుకున్నావా?" అని వేశారు మామ. జెర్సీ సిటీలో ట్రైన్ పట్టుకుని మన్‌హాటన్ పరిగెత్తే ఒకతను పొద్దున అలారంగా మామ కేకలే పెట్టుకున్నాడు. ఫార్మింగ్టన్ హిల్స్ అమ్మాయి సీమంతం వీడియో పంపి, కడుపులో బిడ్డకి మామ నాలుగు బుద్ధులు చెప్పాలని కోరింది. హెచ్-వన్ వీసా లాటరీలో పేరు రాలేదని ఒక మాస్టర్స్ కుర్రాడు ఏడుస్తూ ఫోన్ చేస్తే మామ గొంతుతోనే చాలాసేపు కబుర్లు చెప్పి పడుకోబెట్టారు. దానికి ఏమీ తీసుకోలేదు.

ఆయన స్టూడియో అంటే ఉమా ఆంటీ బట్టల క్లోజెట్. పట్టుచీరల వైపు తిరిగితే గొంతు మెత్తగా వస్తుందట, చలికోట్ల వైపు తిరిగితే తిట్టు గట్టిగా తగులుతుందట. "నా పట్టుచీరలు వినని తిట్టు లేదు స్పందనా. వాటిని కట్టుకుని గుడికి వెళ్ళాలంటే భయంగా ఉంటోంది" అనేది ఆంటీ. షాపు పని సగానికి తగ్గింది. ఒక పూట బ్యాగులు, ఒక పూట గొంతు. ఇద్దరికీ హాయిగా గడిచిపోయేది.

కొన్నేళ్ళు గడిచాయి. మాకు ప్రమోషన్లు వచ్చాయి, పిల్లలు వచ్చారు, నడుంనొప్పులు వచ్చాయి. మామకి ఫోన్లు తగ్గాయి. ఎప్పుడు తగ్గాయో మేమెవరం గమనించలేదు. మా అమ్మాయి అనిక బర్త్‌డేకి ఆయన్ని పిలిచినప్పుడు తెలిసొచ్చింది. పందికొక్కు చెవులు పెట్టుకుని, ఆంటీ దుప్పటిని మూట కట్టి భుజాన వేసుకుని వచ్చారు. "ఉండండర్రా, వస్తున్నా!" అనగానే నాన్నలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. పిల్లలు మాత్రం మర్యాదగా నిలబడి చూశారు. పిల్లలు అల్లరి చేస్తే పర్వాలేదు, మర్యాదగా చూశారంటే ఇక ఆశ వదులుకోవాలి.

"మామ్, ఈజ్ హీ ఎ రకూన్?" అంది అనిక నా చెవిలో, రాత్రిళ్ళు చెత్తడబ్బాలు తిరగేసే జంతువు అనుకుని. ఇంకో నిమిషానికి అందరూ బౌన్స్ హౌస్‌లోకి పరిగెత్తారు.

ఆయన మెట్ల మీద కూర్చుని పిజ్జా తింటుంటే నేను పక్కన కూర్చున్నాను. "మామకి వయసైపోయింది అమ్మాయ్. మిమ్మల్ని నవ్వించాడు, చాలు. మీ తర్వాత ఎవరికీ తెలియడు" అన్నారు. అని ఇంకో ముక్క అందుకున్నారు. ఆ రోజు నాకు నా కూతురి మీద కూడా కోపం వచ్చింది, ఏం చెప్పను.

అలాంటి సమయంలో వార్త వచ్చింది. 'మంచుకొండ దాటే కుర్రాడు'ని ఒక స్ట్రీమింగ్ కంపెనీ కొత్తగా విడుదల చేస్తోంది. తెలుగు డబ్బింగ్ కూడా మళ్ళీ కొత్తగా. మా గ్రూప్ అంతా దీపావళి చేసుకుంది. రాఘవులు గారు క్లోజెట్‌లోంచే ఆడిషన్ ఇచ్చారు. హైదరాబాద్‌లో డబ్బింగ్ డైరెక్టర్ కావ్యశ్రీ అనే అమ్మాయి, వినగానే ఓకే చేసింది. వారానికి స్క్రిప్టు వచ్చింది. మామ పేరున్న ప్రతిచోటా ఒకటే రాసుంది. 'ఆయాసం.' కింద మళ్ళీ 'ఆయాసం.' ఒకచోట 'ఆయాసం, కొంచెం ఎక్కువ.'

నాకు తిక్కరేగింది. ఆ కంపెనీకి మెయిల్ కొట్టాను, కావ్యశ్రీని తిడుతూ ఇంకోటి కొట్టాను. ఆ అమ్మాయి ఓపిగ్గా జవాబిచ్చింది. "ఒరిజినల్‌లో ఆ క్యారెక్టర్‌కి డైలాగ్స్ లేవు మేడమ్. పాత డబ్బింగ్‌లో ఎవరో కల్పించినట్టున్నారు. ఈసారి ఒక్క మాట కూడా యాడ్ చేయొద్దని మాకు ఇన్‌స్ట్రక్షన్" అని.

కల్పించారట! తోడల్లుణ్ణి ఎవరైనా కల్పిస్తారా? ఆ మెయిల్ రాఘవులు గారికి చదివి వినిపించాను. ఆయన మొహం పాలిపోయింది. నాలాగే ఒళ్ళు మండిందనుకున్నాను.

"పోనీలే అమ్మాయ్, ఆయాసమే పడదాం. గొంతు నాదే కదా" అన్నారు.

ఆ మాటలో జీవం లేదని నాకు తెలుస్తూనే ఉంది. పాత టేపులు ఎక్కడా మిగల్లేదు. కొత్తది వచ్చేసిందంటే ఇక మూటలమామ అంటే ఆయాసపడే ఒక జంతువు, అంతే. గుంపులో గొంతుగా బతికిన మనిషి జీవితం మొత్తంలో ఇది నాదని చెప్పుకోదగ్గ పని అదొక్కటే. అది తుడిచిపెట్టుకుపోతోంది. మామ మాట్లాడాలి. ఆయనకి కావాల్సింది అదే, ఆయన నోటితో అడగనిది కూడా అదే.

నాకు దారి దొరికింది. ఆ వేసవిలో వాషింగ్టన్‌లో జరిగే యానిమే మేళాకి మిచికో గారు గెస్ట్‌గా వస్తున్నారు. ఆ సీరియల్‌లో జంతువుల బొమ్మలన్నీ గీసింది ఆవిడే. మామ మాట్లాడతాడని ఆవిడ నోటితోనే చెప్పించి, రికార్డ్ చేసి, కావ్యశ్రీ మొహాన కొట్టాలని నా ప్లాన్. రాఘవులు గారు వద్దన్నారు. ఎందుకంటే చెప్పరు. "పెద్దావిడని ఇబ్బంది పెట్టడం దేనికమ్మా" అంటారు.

"నువ్వు ఊకో స్పందనా, ఆయన వద్దంటున్నడు గదా" అన్నాడు ఫణి. నేను ఊరుకునే రకమైతే మా పెళ్ళే అయ్యుండేది కాదు.

అలాంటి మేళాకి అందరూ బొమ్మల వేషాల్లోనే వస్తారు కాబట్టి, మా బ్యాచ్‌లో కొందరితో కలిసి మేమూ వేషాలు కట్టుకుని వెళ్ళాం. ఫణి పొట్ట లోపలికి పట్టి రెన్ అయ్యాడు. రాఘవులు గారు చెవులూ మూటా వేసుకున్నారు. నీలం జుట్టు పిల్లలు, అట్టకత్తులు, రెక్కలు, ఎవరి గోల వాళ్ళది. మామని ఎవరూ పోల్చుకోలేదు. ఒకమ్మాయి ఆయనతో ఫోటో దిగి వేరే ఎవరి పేరో చెప్పి థాంక్స్ చెప్పింది. ఆయన కూడా ఆ పేరు తనదే అన్నట్టు నవ్వారు.

మిచికో గారు చిన్న మనిషి, పొట్టి తెల్లజుట్టు. పక్కన ఇంటర్‌ప్రెటర్ కుర్రది. ప్రశ్నలు అడగమనగానే మైకు దగ్గర మొదట నేనే. ఇంగ్లీషులో దంచేశాను. "మూటలమామకీ ఆయన తోడల్లుడికీ జరిగిన గొడవ మీ ఇంట్లో నిజంగా జరిగిందా? దాన్ని తెలుగు డబ్బింగ్‌లోంచి తీసేస్తున్నారని మీకు తెలుసా?"

ఇంటర్‌ప్రెటర్‌కి తోడల్లుడు అర్థమయ్యేలా చెప్పడానికే కొంతసేపు పట్టింది. మిచికో గారు విన్నారు, మళ్ళీ చెప్పించుకున్నారు, కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"ఆ జంతువు మాట్లాడదే" అన్నారు.

హాలంతా నవ్వింది. నేను తగ్గానా? "మాట్లాడుతుంది మేడమ్. నేను రోజూ విన్నాను" అన్నాను, ఆ బొమ్మ గీసిన మనిషితో.

వెనక వరసలోంచి తెలుగు వినపడింది. "అమ్మాయ్, ఇంక ఆపు."

రాఘవులు గారు కుర్చీల మధ్య నుంచి నడిచొచ్చారు. మైకు ముందుకొచ్చి, తల మీది చెవులు తీసి చేతిలో పట్టుకున్నారు. "తప్పు నాదని చెప్పమ్మా ఆవిడకి. ఆ మాటలన్నీ నేను అతికించినవి. నోరు కదులుతోంది, లిప్ నిండాలన్నారు, నా ఏడుపులన్నీ తెచ్చి అందులో పోశాను. ఆవిడ బొమ్మకి నేను చేసిన అన్యాయం అది. క్షమించమను."

తోడల్లుడు లేడు. రెండో బంతి లేదు. నా చిన్నతనమంతా తెనాలి నుంచి వచ్చింది. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "జపాన్ వాళ్ళు రాసిన గొప్ప కథ అనుకుంటున్నారు మీరంతా. నా వాగుడని తెలిస్తే చిన్నబోతారనిపించింది" అన్నారు. అప్పుడు మాత్రం నేను ఆయన మాటల్ని ఇంగ్లీషు చేశాను. ఇంటర్‌ప్రెటర్ జపాన్ భాష చేసింది.

మిచికో గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత మెల్లిగా చెప్పుకొచ్చారు. "ఆ నోరు నేనే కదిలించాను. బరువు మోసుకుంటూ వెనకాల నడిచే ముసలాడు ఊరికే నడవడు, తనలో తను ఏదో అనుకుంటూ ఉంటాడు. మాటలు రాయమని అడిగాను. సైడ్ క్యారెక్టర్‌కి మాటలెందుకన్నారు. నోరు మాత్రం గీస్తూనే ఉన్నాను. ఏమంటున్నాడో నాకూ తెలియదు." ఆవిడ ముందుకి వంగారు. "ఏమన్నాడు?"

రాఘవులు గారు చెప్పడం మొదలుపెట్టారు. కాఫీ, మోకాళ్ళు, తోడల్లుడు. నేను ఇంగ్లీషు చేస్తున్నాను, ఆ పిల్ల జపాన్ భాష చేస్తోంది. ఒకే జోకుకి హాలు మూడుసార్లు నవ్వింది. ముందు మా బ్యాచ్, తర్వాత మిగతావాళ్ళు, చివర్లో మిచికో గారు కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడావిడ ఇంకొకటి అడిగారు. "ఆఖరి ఎపిసోడ్‌లో, మంచుకొండ మొదట్లో, జంతువు ఇక ఎక్కలేక ఆగిపోతుంది. మూట కుర్రాడికి ఇచ్చేస్తుంది. కుర్రాడు వెళ్తున్నానంటాడు. అక్కడ నోరు చాలాసేపు కదులుతుంది. ఆ బొమ్మలు మొత్తం నేనొక్కదాన్నే గీశాను. అక్కడ ఏమన్నాడు?"

రాఘవులు గారు మామ గొంతులోకి వెళ్ళలేదు. మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్టు చెప్పారు.

"వెళ్తున్నా అనకూడదురా. వెళ్ళొస్తా అనాలి. ఏదీ, అను."

దాన్ని ఇంగ్లీషులో పెట్టబోయి నేను బోర్లా పడ్డాను. వెళ్తానని చెప్పకు, వెళ్ళి వస్తానని చెప్పు, అన్నాను. ఇంగ్లీషులో అది ఉప్పులేని చారులా తేలింది. కొందరు మొహాలు చూసుకున్నారు. మా ఇళ్ళల్లో గుమ్మం దిగేవాళ్ళు వెళ్తున్నా అంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరనీ, మళ్ళీ రావాలి కాబట్టి అలా అంటారనీ చెమటలు కక్కుతూ చెప్పబోయాను. ఇంటర్‌ప్రెటర్ కుర్రది చెయ్యెత్తి నన్ను ఆపింది. అర్థమైందని తలూపి, మిచికో గారివైపు తిరిగి ఒక్క ముక్కలో చెప్పేసింది. వెతుక్కోలేదు, ఆలోచించలేదు.

మిచికో గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"మా ఇంట్లోనూ గుమ్మం దాటేటప్పుడు అదే అంటాం. వెళ్ళి వస్తాను, అని" అన్నారు. మధ్యలో ఇంగ్లీషొక్కటే ఇరుక్కుంది గానీ, ఆ ఇద్దరికీ అది అవసరమే లేదు. "అక్కడ బొమ్మలు ఎక్కువ గీశానని మా వాళ్ళు చాలా తిట్టారు. ఆ మాట సరిపోయిందా?"

"నిండుగా సరిపోయిందమ్మా. ఒక్క అక్షరం మిగల్లేదు" అన్నారు రాఘవులు గారు. ఆయన ఏడుస్తున్నారు, నేనూ ఏడుస్తున్నాను, రెన్ వేషంలో ఫణి ముక్కు చీదుకుంటున్నాడు.

మిచికో గారు జపాన్‌లో వాళ్ళతో మాట్లాడారు. నెల తిరక్కుండా కావ్యశ్రీ ఫోన్ చేసింది. "మిగతా అంతా ఒరిజినల్ ప్రకారమే సార్, ఆయాసమే. లాస్ట్ ఎపిసోడ్‌లో మాత్రం ఆ ఒక్క లైన్‌కి పర్మిషన్ ఇచ్చారు."

ఒక్క లైనా! నేను మళ్ళీ మెయిల్ కొట్టబోయాను. ఈసారి రాఘవులు గారు నా ఫోన్ లాక్కున్నారు. "ఇచ్చింది చాలమ్మాయ్. ఆయాసం మాత్రం తక్కువ పనా? నన్ను చెయ్యనీ" అని క్లోజెట్‌లో దూరారు. ఎక్కేటప్పటి ఆయాసం వేరు, దిగేటప్పటిది వేరు, ఆకలిమీద ఉన్నప్పుడు వేరు, అలిగినప్పుడు వేరు. రోజూ అదే సాధన. "ఈయన రొప్పుడు వినలేక పక్కవాళ్ళు అంబులెన్స్‌కి ఫోన్ చేసేలా ఉన్నారు" అని ఆంటీ మా ఇంటికొచ్చి కూర్చునేది.

కొత్తది విడుదలైంది, వారానికొక ఎపిసోడ్. మాకు చప్పగా ఉంది. ఎక్కడ మామ నోరు కదిలినా పాత మాట మా చెవుల్లో మోగుతుంది, టీవీలో మాత్రం ఒట్టి ఊపిరి. పిల్లలకి అలా లేదు. వాళ్ళకి ఆ ఊపిరే నచ్చింది. షాపులో ఆయన బ్యాగ్ ఎత్తగానే చుట్టూ చేరి, "తాతా, పర్వతం ఎక్కే బ్రీతింగ్ చేయి!" అని అడిగేవాళ్ళు. బర్త్‌డేలకి మళ్ళీ పిలుపులు మొదలయ్యాయి, వెళ్ళి ఆయాసపడి రావడానికి. మాటలకి పోయిన గిరాకీ రొప్పుకి వచ్చిందని ఆయన ఒకటే నవ్వు. జగన్మోహన్ గారు మాత్రం, "నిజంగా ఆయాసం వచ్చినా మాకు తెలిసి చావదు, కాస్త చూసుకోండి" అని బరువు బ్యాగులు మాన్పించారు.

ఆఖరి ఎపిసోడ్ ఆదివారం మధ్యాహ్నం మా బేస్‌మెంట్‌లో అందరం కలిసి చూశాం. పిల్లలు కార్పెట్ మీద, పెద్దవాళ్ళం వెనక సోఫాల్లో. ఆంటీ మిరపకాయ బజ్జీలు తెచ్చింది. మంచుకొండ మొదట్లో మామ ఆగిపోయాడు. మూట దించి రెన్ భుజానికెత్తాడు. రెన్ "వెళ్తున్నాను" అన్నాడు. మామ నోరు కదిలింది.

"వెళ్తున్నా అనకూడదురా. వెళ్ళొస్తా అనాలి. ఏదీ, అను."

పిల్లలంతా ఉలిక్కిపడ్డారు. "హీ కెన్ టాక్?" అంది అనిక వెనక్కి తిరిగి. "మమ్మీ, మామకి మాటలు వచ్చా? మరి ఇన్ని రోజులు ఎందుకు మాట్లాడలేదు?" నేను జవాబు చెప్పేలోపే మళ్ళీ టీవీ వైపు తిరిగింది. రెన్ ఏమీ అనకుండా మంచులోకి నడిచిపోతున్నాడు. జపాన్‌లో వాడికి అక్కడ మాట రాయలేదు. మామ వాడు పోయిన వైపే చూస్తున్నాడు.

"వెల్లొస్తా మామా" అంది అనిక, నెమ్మదిగా. పక్కనున్న పిల్లాడు కూడా అన్నాడు. తర్వాత ఇంకొకరు.

మా చిన్నప్పుడు ఆ మాటకి మేం పగలబడి నవ్వాం. ఎపిసోడ్ మొత్తం నవ్వించిన మామ అక్కడా నవ్విస్తున్నాడనే అనుకున్నాం. మాలో ఒక్కరం కూడా జవాబు చెప్పలేదు. రాఘవులు గారివైపు చూశాను. ఆయన టీవీ చూడటం లేదు, పిల్లల వీపులు చూస్తున్నారు. బజ్జీ చేతిలోనే ఉంది, కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి.

"మొదట్నుంచీ ఎక్కువ వాగాను అమ్మాయ్" అన్నారు నవ్వుతూ.